ఏ కూర్పు? - సాంకేతిక ప్రమాణాల చివరి పుట కథ



గ్రంథంలో అన్నిటికంటె తక్కువమంది తెరిచే పుట ఏదంటే ఉపయుక్త గ్రంథసూచి అని సందేహించకుండా చెప్పవచ్చును. పీఠిక చదివేవారుంటారు, విషయసూచిక వెదికేవారుంటారు, ఆఖరికి తప్పొప్పుల పట్టిక చూచి ముసిముసిగా నవ్వుకొనేవారూ ఉంటారు. గ్రంథసూచి దగ్గరకు వచ్చేసరికి మాత్రం పుస్తకం మూసివేస్తాము. అది రచయిత తన పాండిత్యాన్ని ప్రకటించుకొనే చోటనో, పూర్వుల ఋణం తీర్చుకొనే చోటనో మన భావన. కావ్యవిమర్శకు, చరిత్ర వ్యాసానికి ఆ భావన కొంతవరకు చెల్లుతుంది. కాని లోకంలో ఒక జాతి రచనలున్నవి. వాటిలో ఆ చివరి పుట అలంకారం కాదు, శాసనంలో భాగం. అక్కడ ఒక అంకె మారితే అర్థం మారుతుంది. ఒక కూర్పును పేర్కొంటే, ఆ తరువాత పుట్టిన అక్షరం చెల్లకుండా పోతుంది. అతిశయోక్తి అనుకోకండి. మన దంత్యాక్షరాలు ౘ, ౙ లకు జరిగినది అదే. ఆ సంగతి చెప్పడానికే ఈ టపా.

ఆ జాతి రచనలను సాంకేతిక ప్రమాణాలు అంటారు. ఒక కంప్యూటరు పంపిన అక్షరాన్ని మరొక కంప్యూటరు అదే అక్షరంగా గ్రహించాలంటే ఇద్దరికీ ముందుగా ఒక ఒడంబడిక ఉండాలి. ఆ ఒడంబడికను వ్రాతలో పెట్టినదే ప్రమాణ పత్రం. నేను ఇంజనీరును కాను; ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. అంతర్జాలంలో తెలుగు వ్రాయడం మొదలుపెట్టిన తరువాత, ఈ అక్షరాలు ఏ ఒప్పందం మీద నడుస్తున్నవో తెలుసుకుందామని ఆ పత్రాలను తెరిచాను. తెరిచి చూస్తే అవి మన శాస్త్రగ్రంథాలకు దగ్గరి చుట్టాలని తోచింది. సూత్రాలవలె పొదుపుగా ఉంటవి. సంజ్ఞలను ముందే నిర్వచించుకుంటవి. ఒక చోట చెప్పినది మరొక చోట మళ్ళీ చెప్పవు. అక్కడ చూడుమని చేయి చూపుతవి. ఆ చేయి చూపడమే నేటి మన విషయం.

ఆధారం చూపడంలో మనకు ఒక గొప్ప పూర్వాచారం ఉన్నది. కాళిదాసాది మహాకవుల కావ్యాలకు వ్యాఖ్యానాలు వ్రాసిన కోలాచల మల్లినాథసూరి మన తెలుగుగడ్డవాడే. మెతుకుసీమలోని కొల్చారం ఆయన ఊరని పండితుల మాట. మూలం లేనిదేదీ వ్రాయను, అవసరం లేనిదేదీ చెప్పను అని ఆయన తన వ్యాఖ్యానారంభంలోనే ప్రతిజ్ఞ చేశాడు. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము తీసి చూడండి. పదం, దాని అర్థం, పిదప ఏ కవి ఏ కావ్యంలో వాడెనో తెలిపే పొట్టి సంకేతం. ఆ సంకేతాల వివరణ వేరుగా ఉంటుంది. నిఘంటుకారుడు తన మాటగా చెప్పడం లేదు; మహాకవి ప్రయోగాన్ని సాక్ష్యానికి పిలుస్తున్నాడు.

మీమాంసకులు మరొక అడుగు ముందుకు వేశారు. శాస్త్రంలోని వాక్యాలన్నిటికీ ఒకే బలం ఉండదని, ఇది చేయుమని ఆజ్ఞాపించే వాక్యం విధి అని, ఆ విధిని ప్రశంసిస్తూ ప్రోత్సహించే వాక్యం అర్థవాదమని విభజించారు. విధికి కట్టుబడవలసినదే. అర్థవాదం విధితో కలిసినప్పుడే సార్థకమవుతుంది, ఒంటరిగా ఆజ్ఞ కాజాలదు. ఈ విభాగాన్ని మనసులో ఉంచుకోండి. దీనికి సోదరి వంటి ఆలోచన ఎక్కడో కాలిఫోర్నియాలో మొదలైన పత్రపరంపరలో కనబడుతుంది.

1969 ఏప్రిల్ 7వ తేదీన స్టీవ్ క్రాకర్ అనే పట్టపరిశోధక విద్యార్థి, లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి ఒక చిన్న పత్రం పంపించాడు. నేటి అంతర్జాలానికి మాతృక అయిన ఆర్పానెట్ నిర్మాణం గురించి కొన్ని ఆలోచనలు అందులో ఉన్నవి. తనతో కలిసి ఉంటున్నవారికి నిద్రాభంగం కాకుండా రాత్రివేళ స్నానాలగదిలో కూర్చుని దానిని వ్రాశానని ఆయనే తరువాతి కాలంలో చెప్పాడు. పిన్నవయస్కులు పెద్దలకు ఆజ్ఞలు జారీ చేస్తున్నట్లు కనబడరాదని దానికి వినయంగా పెట్టిన పేరు రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్. అనగా, మీ అభిప్రాయాలు చెప్పండి అని విన్నపం. మనం టపా చివర వ్యాఖ్యలు కోరినట్లే అనుకోండి. ఆ పొట్టిపేరు ఆర్.ఎఫ్.సి. గా స్థిరపడి, ఆ పత్రాల సంఖ్య తొమ్మిది వేలు దాటింది. విన్నపమనే పేరుతోనే అంతర్జాల శాసనాలు వెలువడుతున్నవి.

ఈ పరంపరకు ఒక దృఢమైన నియమం ఉన్నది. ఒకసారి సంఖ్య పడి వెలువడిన పత్రాన్ని మళ్ళీ ముట్టుకోరు. అందులో దోషం కనబడినా, కాలం చెల్లినా, కొత్త సంఖ్యతో కొత్త పత్రం వ్రాసి, ఇది పాతదానిని త్రోసిరాజంటున్నది అనో, పాతదానికి సవరణ అనో తలమీద ప్రకటిస్తారు. పాతది అట్లాగే ఉంటుంది. ఆధారం చూపేవానికి ఇంతకంటె వరం లేదు. ఆర్.ఎఫ్.సి. 2279 అని వ్రాస్తే, ఇరవై యేండ్ల తరువాత చదివేవానికి కూడా సరిగా ఆ పాఠమే దొరుకుతుంది. తాళపత్ర ప్రతులలో పాఠాంతరాలతో కుస్తీ పట్టినవారికి ఈ సుఖం విలువ తెలుస్తుంది.

ఈ పత్రాలకు దీర్ఘకాలం సంపాదకుడు జాన్ పోస్టెల్. 1998 అక్టోబరు 16న కన్నుమూసేవరకు ఆయన ఆ పని మానలేదు. 1997 అక్టోబరులో జాయిస్ రేనాల్డ్స్‌తో కలిసి ఆయన ప్రకటించిన ఆర్.ఎఫ్.సి. 2223, రచయితలకు సూచనల పత్రం. పంక్తికి 72 అక్షరాలు, పుటకు 58 పంక్తులు మించరాదనే నియమాలు అందులో ఉన్నవి. ఆధారాల విషయానికి వస్తే, లోకంలో ఎన్నో పద్ధతులున్నవి, మాకు మాదైన పద్ధతి ఒకటున్నది, ఈమధ్య వెలువడిన పత్రాలను చూచి అనుసరించండి అని తేల్చారు. పాత గురువులు లక్షణం చెప్పకుండా లక్ష్యం చూపి నేర్పినట్లు! తరువాత 2014 సెప్టెంబరులో హెదర్ ఫ్లానగన్, శాండీ గినోజా కూర్చిన ఆర్.ఎఫ్.సి. 7322లో ఆ లక్షణమంతా విపులంగా వచ్చింది. రచయిత ఇంటిపేరు, పేరులోని మొదటి అక్షరం, పత్రం శీర్షిక, ఉపశ్రేణి ఉంటే దాని సంఖ్య, పత్ర సంఖ్య, వెలువడిన నెల, సంవత్సరం - ఈ వరుసలో రావాలి. చివర పట్టికలో పెట్టిన ప్రతి ఆధారాన్నీ పాఠంలో ఎక్కడో ఒకచోట ఉదహరించి తీరాలి. పాఠంలో పని లేని పుస్తకాన్ని పట్టికలో చేర్చి పెద్దరికం తెచ్చుకొనే వీలు లేదన్నమాట. మల్లినాథుని ప్రతిజ్ఞలోని రెండవ పాదం ఇదే కదా!

ఇంతవరకు చెప్పినది రూపం. ఇక బలం సంగతి.

1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ వ్రాసిన ఆర్.ఎఫ్.సి. 2119 చాలా చిన్నది, కాని దానిని ఉదహరించని ప్రమాణం అరుదు. తప్పక చేయవలెను, చేయరాదు, చేయుట మంచిది, చేయవచ్చును - ఈ మాటలకు ఇంగ్లీషులో వాడే మస్ట్, షుడ్, మే మొదలైన పదాల బలాన్ని అది నిర్వచించింది. ఇతర పత్రాలవారు, మా పాఠంలోని ఈ మాటలను ఆ పత్రంలో చెప్పినట్లు గ్రహించండి అని ఒక వాక్యం వ్రాసి, చివర దానిని ఆధారంగా చూపుతారు. అంతటితో ఆ పత్రంలోని ప్రతి తప్పకకూ, ప్రతి వచ్చునుకూ అర్థం స్థిరమవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంజ్ఞాపరిచ్ఛేదం ఏ పని చేస్తున్నదో, ఇక్కడ ఆ ఒక్క ఆధారపంక్తి ఆ పని చేస్తున్నది. 2017 మేలో బ్యారీ లీబా వ్రాసిన ఆర్.ఎఫ్.సి. 8174 మరొక వివరణ చేర్చింది. ఆ మాటలు అన్నీ పెద్దబడి అక్షరాలలో ఉన్నప్పుడే ఈ ప్రత్యేక అర్థమని, చిన్నబడిలో ఉంటే మామూలు ఇంగ్లీషేనని దాని సారం. చూడండి, ఒక పత్రం 2119ని మాత్రమే చూపితే ఒక అర్థం, 8174ని కూడా చూపితే మరింత నిర్దిష్టమైన అర్థం. చివరి పుట చదవనివాడు నడిమి పుటలను సరిగా చదవలేడు.

అందువలననే ఈ పత్రాలలో ఆధారాల పట్టిక రెండుగా చీలింది. మొదటిది విధాయకం. ఈ ప్రమాణాన్ని అమలు చేయాలంటే ఆ గ్రంథాలను కూడా చదివి అమలు చేయవలసినదే. రెండవది సమాచారం కొరకు. నేపథ్యం తెలుసుకోదలచినవారు చదువుకోవచ్చును, చదవకపోయినా పని ఆగదు. ఆర్.ఎఫ్.సి. 2223 నాటికి పట్టిక ఒక్కటే. తరువాతి కొద్ది సంవత్సరాలలో రెండు పట్టికలు ఆచారమై, ఆర్.ఎఫ్.సి. 7322 నాటికి నియమమైనవి. విధి, అర్థవాదం పూర్తిగా ఇవే అని నేననను. కాని ఒకే గ్రంథంలోని మాటలకు వేరువేరు బలాలుంటవని గుర్తించి, వాటిని కలగాపులగం కానీయకుండా కాపాడే బుద్ధి మాత్రం ఒక్కటే.

ఈ విభజన వచ్చాక ఒక ప్రశ్న పుట్టింది. బలమైన ప్రమాణం బలహీనమైన పత్రం మీద ఆధారపడవచ్చునా? రాతిమేడకు ఇసుక పునాది చెల్లుతుందా? 1996 అక్టోబరునాటి ఆర్.ఎఫ్.సి. 2026లోనే, ఒక స్థాయిలోని ప్రమాణం తనకంటె క్రింది స్థాయి పత్రాల మీద ఆధారపడరాదని ఉన్నది. 2004 డిసెంబరులో ర్యాండీ బుష్, థామస్ నార్టెన్ వ్రాసిన ఆర్.ఎఫ్.సి. 3967, తప్పనిసరి అయితే పదిమందికీ బహిరంగంగా తెలియజేసి, ఆక్షేపణలు వినడానికి గడువిచ్చి, ఆ పిమ్మట క్రిందిస్థాయి పత్రాన్ని ఆధారంగా తీసుకొనే మార్గాన్ని ఏర్పరచింది.

ఇంకా ముద్రణ కాని పత్రాలను చూపితే? అంతర్జాల చిత్తుపత్రాలకు ఆయుర్దాయం ఆరు నెలలు. వాటిని ఉదహరించేటప్పుడు, ఇది ఇంకా సాగుతున్న పని అని పక్కన చెప్పి తీరాలి. సమాచార పట్టికలో చిత్తుపత్రం ఉంటే ఇబ్బంది లేదు. విధాయక పట్టికలో ఉన్నదా, ఆ చిత్తుపత్రం ప్రమాణంగా వెలువడేవరకు దానిని చూపిన పత్రం కూడా ఆగవలసినదే. ఇది నామమాత్రపు నియమం కాదు. విహరిణిలోనే ముఖాముఖి మాట్లాడుకొనే సౌకర్యానికి సంబంధించిన వెబ్ ఆర్.టి.సి. పత్రాలలో కొన్ని 2016 నాటికే తయారై కూర్చున్నవి. కాని వాటిలో ఒకటి మరొకదానిని, అది ఇంకొకదానిని విధాయకంగా చూపడం వలన అన్నీ ఒకే ముడిలో చిక్కుకున్నవి. చివరకు 2021 జనవరిలో ఆర్.ఎఫ్.సి. 8825 మొదలుకొని వరుసగా ఒక్కసారిగా వెలువడినవి. ఈ లోపల లోకం ఆ సౌకర్యాన్ని వాడుకుంటూనే ఉన్నది. ప్రమాణం మాత్రం తన చివరి పుటలోని బాకీలు తీరేవరకు గడప దాటలేదు. పెళ్ళిపందిరిలో అందరూ సిద్ధమై, ఒక్క చుట్టం రాలేదని ముహూర్తం ఆపినట్లున్నది కదా! అయినా ఆ నిరీక్షణలో ఒక నిజాయితీ ఉన్నదని నాకనిపిస్తుంది. లేని గ్రంథాన్ని చూపి ఉన్నట్లు నమ్మించడంకంటె వేచి ఉండడమే మేలు.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్.ఓ. ఈ విషయంలో ఇంకా నిష్ఠగా ఉంటుంది. ఆ సంస్థ ప్రమాణాలలో విధాయక ఆధారాలు చివర కాక మొదట్లోనే, రెండవ ప్రకరణంగా వస్తవి. అవి లేకపోతే, ఈ పత్రంలో విధాయక ఆధారాలు లేవు అని ఒక వాక్యం వ్రాయవలసినదే, ప్రకరణాన్ని వదలివేయరాదు. చివర ఉండే గ్రంథసూచి కేవలం సమాచారం కొరకు. వీటికి తోడు మరొక భేదం చేశారు. ఆధారానికి సంవత్సరం చేర్చితే ఆ కూర్పు మాత్రమే చెల్లుతుంది. తరువాతి సవరణలు వర్తించవు. సంవత్సరం చేర్చకపోతే, ఎప్పటికప్పుడు తాజా కూర్పు, దాని సవరణలతో సహా వర్తిస్తుంది. నాలుగు అంకెలు ఉన్నవా లేవా అనే దానిమీద శాసనం నిలుస్తుందో, కదులుతుందో ఆధారపడి ఉంటుంది.

ఆర్.ఎఫ్.సి. పరంపరలో ఈ పనికి రెండు పిడులున్నవి. మన తెలుగు అక్షరాలను బైట్లుగా మార్చే యూ.టి.ఎఫ్. 8 పద్ధతినే చూడండి. ఫ్రాంస్వా ఎర్జో దానిని 1996లో ఆర్.ఎఫ్.సి. 2044గా, 1998లో 2279గా, 2003 నవంబరులో 3629గా వ్రాశాడు. 2279లో ఒక అక్షరానికి ఆరు బైట్ల వరకు అనుమతి ఉన్నది. 3629లో నాలుగింటితో సరి. మన తెలుగు అక్షరాలకు మూడేసి బైట్లు కాబట్టి మనకు ఏ మార్పూ రాలేదు. కాని 2279ని చూపిన పాత పత్రాన్ని అక్షరాలా పాటించే యంత్రం, అయిదారు బైట్ల వరుసలను కూడా సరైనవని ఒప్పుకోవలసి ఉంటుంది. అదే పత్రానికి ఎస్.టి.డి. 63 అని మరొక సంఖ్య కూడా ఉన్నది. ఇది స్థానానికి పేరు. రేపు మరొక పత్రం 3629 స్థానంలోకి వస్తే ఆ సంఖ్య దానికి చెందుతుంది. ఒకటి వ్యక్తి పేరు, రెండవది పదవి పేరు. ప్రధానోపాధ్యాయులవారికి అని అర్జీ పెడితే, ఆ కుర్చీలో అప్పుడు ఎవరుంటే వారికి చేరుతుంది. పేరు వ్రాసి పంపితే, బదిలీ అయిన ఊరికి వెళ్ళవలసినదే.

ఇప్పుడు మన అక్షరాల కథకు వస్తాను.

యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన మొదటి కూర్పునుంచీ ఉన్నది. భారతీయ లిపుల అమరికకు యూనికోడ్‌వారు ఆధారంగా తీసుకొన్నది ఇస్కీ అనే భారతీయ సంకేతపద్ధతి యొక్క 1988 కూర్పును. ఆ ఇస్కీ 1991లో ఐ.ఎస్. 13194గా సవరింపబడి వెలువడింది. కాని యూనికోడ్ అమరికకు పునాది 1988దే. ఇల్లు లేచిన తరువాత పునాదిరాళ్ళు మార్చలేము. ఒక కూర్పును ఆధారం చేసుకోవడమంటే ఆ కూర్పు కాలాన్ని మన భవిష్యత్తులోకి మోసుకొని పోవడమే.

ఆ మొదటి పట్టికలో దంత్య చ, జ లు లేవు. తెలుగు పదాలలో ఇ, ఈ, ఎ, ఏ ల ముందు చ, జ లు తాలవ్యాలు. తక్కిన అచ్చుల ముందు దంత్యాలని మనం తరగతిలో చదువుకున్నదే. చీమ అన్నప్పుడు నాలుక తాకే చోటు వేరు, ౘలి అన్నప్పుడు వేరు. జిడ్డులోని ధ్వని వేరు, ౙడలోనిది వేరు. పాత నిఘంటువులలో ఈ భేదాన్ని తలమీద చిన్న గుర్తుతో చూపేవారు. ఆ ౘ, ౙ లు, వాటితోపాటు తెలుగు అవగ్రహ చిహ్నం, పాత లెక్కలలోని భిన్నాంకాల గుర్తులు 2008 ఏప్రిల్‌లో వెలువడిన యూనికోడ్ 5.1లో చేరినవి. ఆనాడు ఆ అక్షరాలకు అంతర్జాతీయ పౌరసత్వం లభించినట్లే.

కాని అప్పటికే ఒక గడప దగ్గర తలుపు మూసి ఉన్నది. జాలస్థలుల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలోనే కాక ప్రపంచ లిపులలో పెట్టుకొనే పద్ధతిని 2003 మార్చిలో ఆర్.ఎఫ్.సి. 3490, 3491, 3492 స్థాపించినవి. అవి ఆధారపడినది 2002 డిసెంబరునాటి ఆర్.ఎఫ్.సి. 3454 మీద. అది విధాయకంగా పట్టుకొన్నది యూనికోడ్ 3.2ను. 3.2 అనగా 2002 మార్చిలో వెలువడిన కూర్పు. పట్టుకొని ఊరుకోలేదు, ఆ కూర్పులో ఖాళీగా ఉన్న స్థానాలన్నిటినీ అనుబంధంలో అంకెలతో సహా జాబితా వేసింది. తరువాత 2008లో అవగ్రహం కూర్చున్న స్థానం, దంత్యాక్షరాలు కూర్చున్న స్థానాలు ఆ ఖాళీల జాబితాలో ఉన్నవే. ఖాళీ స్థానంలోని సంకేతంతో కొత్త పేరు నమోదు చేయరాదన్నది నియమం. ఈ విధంగా, యూనికోడ్‌లో అక్షరం ఉన్నది, ఖతి తయారు చేస్తే తెరమీద కనబడుతుంది, టపాలో వ్రాసుకోవచ్చును. జాలస్థలి పేరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది లేని అక్షరం. ఒక ఆధారపంక్తిలోని 3.2 అనే అంకె ఆ మాట అన్నది.

దీనిని చూచి ఆ రచయితలను నిందించడం న్యాయం కాదు. కూర్పును బిగించి చూపడానికి బలమైన కారణం ఉన్నది. జాలస్థలి పేరు అంటే ఇంటి చిరునామా. నేడు ఒక యంత్రం ఒక విధంగా, రేపు మరొక యంత్రం మరొక విధంగా ఆ పేరును చదివితే ఉత్తరం వేరే ఇంటికి పోతుంది. దొంగ ఇంటికి కూడా పోవచ్చును. కదిలే ఆధారం మీద కదలని చిరునామాను కట్టడం సాహసమని వారు భావించారు. ఆ జాగ్రత్తకు మూల్యం చెల్లించినవి మాత్రం పట్టికలోకి ఆలస్యంగా వచ్చిన అక్షరాలు. ఆలస్యంగా వచ్చేవి చాలావరకు చిన్న భాషలవి, పాత లిపులవి, పండితులకు తప్ప పట్టనివి. బరువంతా పడేది వాటిమీదనే.

2010 ఆగస్టులో ఆర్.ఎఫ్.సి. 5890 నుంచి 5894 వరకు వెలువడిన పత్రాలు ఈ ముడిని విప్పినవి. అక్షరాల జాబితా ఇవ్వడం మాని, అక్షర లక్షణాన్నిబట్టి నిర్ణయించే సూత్రం ఇచ్చినవి. అక్షరమైనా, గుణింతపు గుర్తు అయినా, అంకె అయినా సాధారణంగా చెల్లుతుంది. ఇతర చిహ్నాలు చెల్లవు. యూనికోడ్ కొత్త కూర్పు వచ్చినప్పుడు సూత్రాన్ని దానికి అన్వయించుకుంటే చాలును. ఆ సూత్రం ప్రకారం ౘ, ౙ, అవగ్రహం లోపలికి వచ్చినవి. భిన్నాంకాల గుర్తులు బయటనే ఉన్నవి. ఉదాహరణల పట్టిక నుంచి లక్షణసూత్రానికి మారడం వ్యాకరణం చదివినవారికి కొత్త కాదు. 2014లో యూనికోడ్ 7.0లో మన ప్రాచీన శాసనాలలోని ఴకారం చేరినప్పుడు మళ్ళీ అటువంటి జాబితా తిరగవ్రాయవలసిన పని లేకపోయింది.

ఎక్స్.ఎమ్.ఎల్. చరిత్రలోనూ ఇదే కథ. 1998నాటి మొదటి ప్రమాణంలో మూలకాల పేర్లకు పనికివచ్చే అక్షరాలను యూనికోడ్ 2.0నుబట్టి నిర్ణయించారు. దానిని సడలించడానికి 1.1 అని వేరొక ప్రమాణమే 2004లో తెచ్చారు. లోకం దానిని అంతగా ఆదరించలేదు. చివరకు 2008 నవంబరులో 1.0 ప్రమాణపు అయిదవ కూర్పులోనే ఆ కట్టు సడలించవలసి వచ్చింది. ఒక ఆధారాన్ని విప్పడానికి పదేండ్లు.

కూర్పు సంగతి ఇట్లా ఉండగా, పేర్ల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఇంటిపేరు ముందు, పేరులోని మొదటి అక్షరం తరువాత అనే పద్ధతి పాశ్చాత్యుల నామధేయాలకు కుట్టిన చొక్కా. వారి ఇంటిపేరు చివర ఉంటుంది కనుక దానిని ముందుకు తెస్తారు. మన ఇంటిపేరు ముందే ఉన్నది! దానిని ఒక్క అక్షరానికి కుదించి, పేరును పూర్తిగా వ్రాయడం మన అలవాటు. పాములపర్తి వేంకట నరసింహారావు గారిని ఈ యంత్రంలో వేస్తే రావు ఇంటిపేరై బయటకు వస్తుంది, పాములపర్తి ఒక పొడి అక్షరమై మిగులుతుంది. ఆ పట్టికలో రావులందరూ ఒకే వంశస్థులు! 2016 డిసెంబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 7997, ఇంగ్లీషు రూపం తప్పక ఉంచుతూ రచయిత పేరును సొంత లిపిలో కూడా వ్రాయడానికి అనుమతించింది. దాదాపు యాభై యేండ్ల తరువాత విన్నపాల పరంపర పరలిపిని లోపలికి రానిచ్చింది. సంతోషమే. ఇంటిపేరు ఏది అని అడిగే చోట మాత్రం మన సమాధానం మనమే జాగ్రత్తగా చెప్పుకోవాలి.

ఇక మన ఇంటి విషయం. ఆధార సూచికల ప్రమాణం ఐ.ఎస్.ఓ. 690 అనే పేరుతో ఉన్నది. 1987, 2010, 2021 సంవత్సరాలలో దాని కూర్పులు వచ్చినవి. 1997లో విద్యుత్పత్రాల కొరకు రెండవ భాగం వచ్చింది. జాలపుటను చూపేటప్పుడు చిరునామాతోపాటు మనం చూచిన తేదీ కూడా వ్రాయుమని అందులోని ముఖ్య విధి. ఎందుకో మనకు చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరులో యాహూ వారు జియోసిటీస్‌ను మూసినప్పుడు ఉచితపు గూళ్ళలో కాపురమున్న ఎన్ని వ్యక్తిగత పుటలు ఎగిరిపోయినవో చూచాము. ఆర్.ఎఫ్.సి. లకు 2015లో డి.ఓ.ఐ. అనే స్థిరసంకేతాలు ఇచ్చారు. చిరునామా మారినా సంకేతం మారదు. మన టపాలకు ఆ భాగ్యం లేదు. మనమూ ఉచితపు గూటిలోనే ఉన్నాము.

కాబట్టి మిత్రులారా, ఒక విన్నపం. పద్యమో, వ్యుత్పత్తో, చారిత్రక విషయమో టపాలో ఉదహరించేటప్పుడు గ్రంథం పేరుతో ఆగవద్దు. ఏ కూర్పు, ఎవరి పరిష్కరణ, ఏ సంవత్సరపు ముద్రణ అనేది కూడా వ్రాయండి. ఆంధ్ర మహాభారతమే ముద్రణకొక పద్యసంఖ్యతో కనబడుతుంది. సంవత్సరం లేని సంఖ్య ఊరు లేని ఇంటి నంబరు వంటిది. వాదానికి పునాదిగా నిలిచిన గ్రంథాన్ని ఒకవైపు, కేవలం చదువదగినదిగా సూచించే గ్రంథాన్ని మరొకవైపు ఉంచండి. రెంటినీ కలిపి వ్రాస్తే దేనిని ప్రశ్నించాలో చదువరికి తెలియదు. లంకె ఇస్తే, చూచిన తేదీ కూడా ఇవ్వండి. లంకె తెగిపోయిన నాడు వెదికేవానికి ఆ తేదీ ఒక్కటే దారి చూపుతుంది.

ఇంజనీర్లు వ్రాసుకున్న ఆధారపంక్తిలోని ఒక చిన్న అంకె, కోనసీమలోనూ కరీంనగరులోనూ నాలుకమీద నిత్యం పలికే ఒక ధ్వనికి కొన్నాళ్ళు తలుపు మూసింది. ఆ పుటను చదివినవారే దానిని తెరిపించారు. చివరి పుట చదివేవారు ప్రతి భాషలోనూ కొందరైనా ఉండాలని నా కోరిక. మన భాషలో వారు బ్లాగులు వ్రాసేవారిలోనుంచే వస్తారని నా నమ్మకం.

విజ్ఞులైన సాంకేతికులు మరికొన్ని విశేషాలను వ్యాఖ్యలలో చేర్చితే సంతోషిస్తాను. ఏ కూర్పో చెప్పడం మాత్రం మరువకండి.

శుభం భూయాత్.